సెన్సస్ బ్యూరో నుంచి సిటీ ఉద్యోగుల సర్వే వచ్చింది: మార్చి 12 పే పీరియడ్, పార్ట్‌టైమ్ గంటలు మీరెలా లెక్కవేస్తున్నారు?

తణుకు_టెక్సాస్ (ప్రశ్న)

నమస్తే అండీ. అమెరికాలో సిటీ, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుల్లో పేరోల్ (జీతాల లెక్క) చూసే తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపండి. మాది డాలస్ దగ్గర చిన్న సిటీ. నేను సిటీ హాల్ పేరోల్‌లో చేరి ఎనిమిది నెలలైంది. అంతకుముందు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూసేదాన్ని. గవర్నమెంటు లెక్కలు నాకు పూర్తిగా కొత్త.

పోయిన వారం యాన్యువల్ సర్వే ఆఫ్ పబ్లిక్ ఎంప్లాయ్‌మెంట్ అండ్ పేరోల్ అని, అంటే ప్రభుత్వాల ఉద్యోగుల సంఖ్య, జీతాలు ఏటా అడిగే సర్వే అని, సెన్సస్ బ్యూరో నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కవరు మీద ఇండియానాలోని జెఫర్సన్‌విల్ అడ్రస్ ఉంది. లాగిన్ అవ్వడానికి ఒక కోడ్ ఇచ్చారు. మొదట స్కామేమో అని భయమేసింది. మా ఫైనాన్స్ డైరెక్టర్‌ని అడిగితే, "ప్రతి ఏడూ వస్తుంది, తప్పనిసరి కాదు, టైముంటే చెయ్యి, లేకపోతే వదిలెయ్" అన్నారు. వదిలెయ్యడానికి నాకు మనసొప్పడం లేదు. మన ఊరి లెక్క మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

నాకంటే ముందు ఈ సీటులో పనిచేసినావిడ రిటైరయ్యారు. ఆవిడ ఫోల్డర్‌లో నిరుడు పంపిన కాపీ దొరికింది. అది చూశాక టెన్షన్ ఇంకా పెరిగింది. మాకు జీతాలు రెండు వారాలకోసారి. ఫుల్‌టైమ్ వాళ్ల గ్రాస్ (కోతలకి ముందు జీతం) ఒక్కో పేరోల్‌కి 3,60,000 డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. నిరుటి కాపీలో మాత్రం "రెండు వారాలకోసారి" అని టిక్ పెట్టి, పక్కన 7,50,000 పైచిలుకు వేశారు. జీతాలు అంతలా తగ్గిందేమీ లేదు, మనుషులు తగ్గిందీ లేదు. ఎక్కడ తేడా వచ్చిందో అర్థం కావడం లేదు.

నా సందేహాలు ఇవీ.

మార్చి 12వ తేదీ ఉన్న పే పీరియడ్ (ఒక చెక్కుకి లెక్కకొచ్చే పనిరోజులు) అంటున్నారు. మాకు మార్చి 7న చెక్కులు ఇచ్చాం, మళ్లీ 21న ఇచ్చాం. 7న ఇచ్చింది ఫిబ్రవరి 15 నుంచి 28 దాకా చేసిన పనికి. 21న ఇచ్చింది మార్చి 1 నుంచి 14 దాకా చేసినదానికి. 12కి దగ్గరగా ఉన్నది 7వ తేదీ చెక్కు. ఏది తీసుకోవాలి?

ఎవరెవర్ని లెక్కలో వెయ్యాలి? మేయర్, ఆరుగురు కౌన్సిల్ మెంబర్లు మీటింగ్‌కి 50 డాలర్లు తీసుకుంటారు. ఆఫీసులు శుభ్రం చేసేది ఒక కంపెనీ మనుషులు. సిటీ అటార్నీ బయటి లా ఫర్మ్ నుంచి వస్తారు, బిల్లు పంపుతారు. ఒక పోలీస్ ఆఫీసర్ ఫిబ్రవరి నుంచి జీతం లేని సెలవులో ఉన్నారు. ఫైనాన్స్‌లో ఒకమ్మాయి మెటర్నిటీ లీవులో ఉంది, కానీ జీతం వస్తోంది.

అన్నిటికంటే నన్ను తొలిచేస్తున్నది పిల్లల్ని రోడ్డు దాటించే స్కూల్ క్రాసింగ్ గార్డుల సంగతి. మా దగ్గర ముగ్గురున్నారు. వాళ్లలో ఒక పెద్దాయన మా అబ్బాయి స్కూలు దగ్గరే నిలబడతారు. పొద్దున ఏడుంబావుకల్లా నారింజ రంగు చొక్కా వేసుకుని, చేతిలో స్టాప్ బోర్డు పట్టుకుని రెడీగా ఉంటారు. పొద్దున గంట, సాయంత్రం గంట, అంతే పని. నిరుటి కాపీలో ఈ ముగ్గురూ ఎక్కడా లేరు. పైగా ఈ ఏడు (2025) మార్చి 10 నుంచి 14 దాకా స్ప్రింగ్ బ్రేక్, స్కూళ్లకి సెలవులు. అంటే సరిగ్గా 12న వాళ్లు పనిలో లేరు. వాళ్లని వెయ్యాలా, వద్దా?

ఇంకొకటి. పార్ట్‌టైమ్ వాళ్లకి మనుషుల సంఖ్య, జీతం కాకుండా గంటలు కూడా అడుగుతున్నారు. ఆ గంటలు దేనికి?

ఫెయిర్‌ఫాక్స్_వదిన

మంచి ప్రశ్నలు అడిగారమ్మా. నేను వర్జీనియాలో ఒక కౌంటీ ఫైనాన్స్‌లో 14 ఏళ్లుగా ఉన్నాను. ఈ సర్వే నా చేతుల మీదుగా చాలాసార్లు వెళ్లింది.

ముందు భయం తీరుస్తాను. ఉత్తరం నిజమైనదే. సెన్సస్ బ్యూరో ప్రాసెసింగ్ సెంటర్ జెఫర్సన్‌విల్‌లోనే ఉంది. ఉత్తరంలో ఇచ్చిన సైటు చివర డాట్ గవ్ ఉందో లేదో చూసుకోండి, అడ్రస్ మీరే టైప్ చేసి వెళ్లండి. ఇందులో ఒక్క మనిషి పేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా అడగరు. అన్నీ మొత్తాలే. అవి కూడా పబ్లిక్ రికార్డులే కాబట్టి రహస్యమేమీ కాదు. మీ సిటీ పాత లెక్కలు సెన్సస్ సైటులో ఊరివారీ ఫైళ్లలో దొరుకుతాయి, దించుకుని చూడండి.

ఇక 7,50,000 సంగతి. ఇది నాకు బాగా తెలిసిన తప్పు, ఎందుకంటే మా ఆఫీసులోనూ ఒకసారి జరిగింది. మీ ముందావిడ రెండు వారాల జీతాన్ని నెల జీతంగా మార్చి ఉంటారు. 26 పేరోళ్లను 12 నెలలతో భాగిస్తే 2.17 వస్తుంది కదా, దానితో గుణించి ఉంటారు. కానీ టిక్ మాత్రం "రెండు వారాలు" దగ్గరే పెట్టారు. ఆ గుణకారం మనం చెయ్యకూడదమ్మా. మనం ఇచ్చిన అంకెని సెన్సస్ వాళ్లే 31 రోజుల మార్చి నెలకి మారుస్తారు. వారానికోసారి జీతమైతే 4.429తో, రెండు వారాలకైతే 2.214తో, నెలకు రెండుసార్లయితే 2తో గుణిస్తారు. అంటే నిరుడు మీ ఊరి జీతాలు రెండుసార్లు గుణకారానికి గురయ్యాయన్నమాట. మరీ పెద్ద తేడా కనబడితే అక్కడి అనలిస్టులు ఫోన్ చేసి అడుగుతుంటారు. ఈసారి మీ అంకె సగానికి పడిపోతుంది కాబట్టి చివర్లో రిమార్కుల పెట్టెలో ఆ సంగతి రెండు వాక్యాల్లో రాసి పెట్టండి.

రెండు వారాలు, నెలకు రెండుసార్లు అన్నవి ఒకటి కాదని కూడా గుర్తుపెట్టుకోండి. మొదటిది ఏడాదికి 26, రెండోది 24. ఇక్కడ చాలామంది పొరబడతారు.

ఏ చెక్కు అన్నదానికి జవాబు: చెక్కు ఏ రోజు ఇచ్చారన్నది కాదు, ఏ రోజుల పనికి ఇచ్చారన్నదే ముఖ్యం. మార్చి 12 మీకు 1 నుంచి 14 దాకా ఉన్న పీరియడ్‌లో పడింది. కాబట్టి 21న ఇచ్చిన పేరోల్ తీసుకోండి. గ్రాస్ వెయ్యండి, నెట్ కాదు. ఓవర్‌టైమ్ కలపాలి. హెల్త్ ఇన్సూరెన్సుకి, పెన్షన్‌కి సిటీ తన వాటాగా కట్టేది కలపకూడదు.

ఎవరు ఉద్యోగి అన్నదానికి నేను ఒకటే చూస్తాను: ఆ పీరియడ్‌కి సిటీ తన పేరోల్ నుంచి జీతం ఇచ్చిందా? మీటింగ్‌కి ఇంత అని తీసుకునే మేయర్, కౌన్సిల్ మెంబర్లు వస్తారు, పార్ట్‌టైమ్ కిందే. మెటర్నిటీ లీవులో ఉండి జీతం తీసుకుంటున్న అమ్మాయి ఫుల్‌టైమ్‌లోనే ఉంటుంది. జీతం లేని సెలవులో ఉన్న ఆఫీసర్ రారు. క్లీనింగ్ కంపెనీ మనుషులు రారు, ఫీజు మీద పనిచేసే అటార్నీ రారు, పెన్షనర్లు రారు, పైసా తీసుకోని వాలంటీర్లు రారు.

మీ క్రాసింగ్ గార్డులు తప్పకుండా వస్తారు. 12వ తేదీ అన్నది పీరియడ్‌ని గుర్తుపట్టడానికి పెట్టిన గుర్తు మాత్రమే. ఆ ఒక్క రోజున ఎవరు రోడ్డు మీద నిలబడ్డారని అడగడం లేదు. మొదటి వారం పనిచేసి డబ్బు తీసుకున్నారు, అంతే చాలు. గంటలు మాత్రం నిజంగా చెల్లించినవే వెయ్యండి. స్ప్రింగ్ బ్రేక్ లేకపోతే ఎన్ని ఉండేవని ఊహించి వెయ్యొద్దు.

గంటలు ఎందుకంటే, పార్ట్‌టైమ్‌లో ఒకరు వారానికి 35 గంటలు చేస్తే ఇంకొకరు నాలుగు చేస్తారు. తలలు మాత్రమే లెక్కపెడితే రెండు ఊళ్లని పోల్చలేం. అందుకని పార్ట్‌టైమ్ గంటలన్నీ కలిపి, ఒక ఫుల్‌టైమ్ మనిషి గంటలతో భాగిస్తారు. వచ్చినదాన్ని ఫుల్‌టైమ్ సంఖ్యకి కలుపుతారు. దాన్నే ఫుల్‌టైమ్ ఈక్వలెంట్ అంటారు. మీకు రెండు వారాలకి 80 గంటలైతే, 160 పార్ట్‌టైమ్ గంటలు ఇద్దరు మనుషులతో సమానం. గంటల గడి ఖాళీగా వదిలేస్తే ఈ లెక్క కోసం వాళ్లు అంచనా వేసుకోవాల్సి వస్తుంది. కౌన్సిల్ వాళ్లకి టైమ్ షీట్ ఉండదు కాబట్టి నేను మీటింగ్ జరిగిన గంటలు వేస్తాను.

ఆపైన అందర్నీ పనిని బట్టి విడగొట్టాలి. పోలీసుల్లో అరెస్టు చేసే అధికారం ఉన్నవాళ్లు ఒక వరస, మిగతావాళ్లు ఇంకో వరస. ఫైర్‌లోనూ అంతే, మంటలార్పేవాళ్లు వేరు, ఆఫీసు వాళ్లు వేరు. మునిసిపల్ కోర్టు ఒకచోట, మీ ఫైనాన్స్ ఒకచోట, నీళ్లు ఒకచోట, మురుగు ఇంకోచోట. నీళ్లు, మురుగు రెండూ చూసే మనిషిని ఎక్కువ టైమ్ దేనికి పెడితే అందులో వేస్తాను.

మా కౌంటీలో తలనొప్పి టీచర్లు. వర్జీనియాలో, మేరీలాండ్‌లో స్కూళ్లు కౌంటీలోనో సిటీలోనో భాగంగా లెక్క, అందుకని వాళ్ల ఉద్యోగులు మా గవర్నమెంటు కిందికే వస్తారు. టెక్సాస్‌లో ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్టులు వేరే గవర్నమెంట్లు, వాళ్ల ఫారం వాళ్లకే వెళ్తుంది. ఆ బాధ మీకు లేదు.

ఇక "వదిలెయ్" అన్న మాట గురించి. తప్పనిసరి కాదన్నది నిజమే. కానీ 2025 శాంపిల్ ఏడాది. 2తో, 7తో ముగిసే సంవత్సరాల్లో ప్రతి గవర్నమెంటునీ అడుగుతారు. మిగతా ఏళ్లలో కొన్నిటినే ఎంచుకుంటారు. 2022 లెక్కలో ఈ దేశంలో స్థానిక ప్రభుత్వాలే 90,837 తేలాయి. అన్నిట్లోంచి ఏరినవాటిలో మీ ఊరు పడిందంటే, మీలాంటి ఇంకొన్ని చిన్న ఊళ్ల తరఫున కూడా మీరు జవాబు చెబుతున్నట్టు. మీరు పంపకపోతే పాత అంకెల్ని తీసుకుని, వాటిని పెంచో తగ్గించో మీ గడి నింపుతారు. మీ విషయంలో ఆ పాత అంకెలే తప్పు. ఆ తప్పు ఇంకో ఏడాది నడవకూడదు కదా. దేశ ఆదాయం లెక్కకట్టే బ్యూరో ఆఫ్ ఎకనామిక్ ఎనాలిసిస్ కూడా ఈ అంకెలు వాడుకుంటుంది.

కేటీ_అకౌంటెంట్

పైన వదినగారు అన్నీ చెప్పేశారు. నాది చిన్న మాట. నేను హ్యూస్టన్ వైపు మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్టుల (నీళ్లు, మురుగు చూసే సంస్థల) పుస్తకాలు రాసే ఆఫీసులో పనిచేస్తున్నాను. మన తెలుగువాళ్లు చాలామంది ఇల్లు కొన్నాక మడ్ ట్యాక్స్ అని కడుతుంటారు చూడండి, అవే. అవి కూడా గవర్నమెంట్లే. 2022 లెక్కలో ఇలాంటి స్పెషల్ డిస్ట్రిక్టులు 39,555. సిటీలకంటే, స్కూల్ డిస్ట్రిక్టులకంటే ఎక్కువ.

వీటిలో చాలావాటికి సొంత సిబ్బంది ఒక్కరూ ఉండరు. ప్లాంటు నడిపేది ఒక కంపెనీ, ఇంజనీరు కాంట్రాక్టు, పుస్తకాలు మావి. మీటింగ్‌కి ఫీజు తీసుకునే ఐదుగురు డైరెక్టర్లు మాత్రమే పేరోల్‌లో ఉంటారు. కొత్తగా చేరినవాళ్లు "మాకు ఉద్యోగులే లేరు కదా" అని సర్వేని పక్కన పెట్టేస్తారు. అలా చెయ్యకూడదు. సున్నా కూడా జవాబే. ఖాళీ గడికి అర్థం వేరు, సున్నాకి అర్థం వేరు.

ఇంకో సంగతి. లేబర్ డిపార్ట్‌మెంట్ వైపు నుంచి నెలనెలా ఉద్యోగుల సంఖ్య అడిగే సర్వే ఒకటుంది. అందులోనూ నెలలో 12వ తేదీ ఉన్న పే పీరియడ్డే తీసుకుంటారు. దాన్ని, దీన్ని కలిపేసుకుని "మేం ఆల్రెడీ పంపాం" అనకండి. అది వేరు, ఇది వేరు.

రిటైర్డ్_గణాంకాలు

అమ్మా, నేను మీ వృత్తివాణ్ణి కాను. ఆంధ్రాలో గణాంక శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు నార్త్ కరోలినాలో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. మీరు క్రాసింగ్ గార్డు గురించి రాసింది చదివి, రాయకుండా ఉండలేకపోయాను.

ఉద్యోగుల వివరాలు కావాలని ఆఫీసుల చుట్టూ తిరిగినవాణ్ణి నేను. ఎక్కడికెళ్లినా మొదట చేతికిచ్చేది మంజూరైన పోస్టుల జాబితా. "ఇది కాదండీ, ఈ నెల జీతం ఎత్తుకున్నవాళ్లు ఎంతమంది?" అంటే, బిల్లుల రిజిస్టరు తియ్యడానికి విసుక్కునేవారు. ఆ రెండిటికీ మధ్య ఎంత దూరం ఉంటుందో చూడండి. తెలంగాణ తొలి పీఆర్సీ నివేదిక 2021లో బయటికొచ్చినప్పుడు మంజూరైన పోస్టులు 4,91,304 అనీ, పనిచేస్తున్నవాళ్లు 3,00,178 మందే అనీ, ఖాళీలు 1,91,126 అనీ తేలింది. పోస్టుల జాబితా చూసి ఉద్యోగుల లెక్క రాసుకుంటే మనం లేనివాళ్లని రాసినట్టే. అమెరికా వాళ్లు "జీతం ఇచ్చారా" అని అడగడం నాకు నచ్చింది.

ఇంకో రకం మనుషులుండేవారు. ఒక ఊళ్లో పంచాయతీ పంపు ఆపరేటరు. పొద్దున నాలుగున్నరకి మోటారు వేసేవాడు. పంచాయతీ సాధారణ నిధి నుంచి నెలకి ఎంతో కొంత ఇచ్చేవారు, వోచరు మీద వేలిముద్ర. రెగ్యులర్ జాబితాలో లేడు, కాంట్రాక్టు జాబితాలో లేడు. నా ఫారంలో అతనికి గడి లేదు. నేను రిమార్కుల్లో రాసి పంపాను. పై ఆఫీసులో ఆ రిమార్కు కొట్టేశారు. ఊరంతటికీ నీళ్లిచ్చే మనిషి లెక్కలో లేకుండా పోయాడని నాకు ఇప్పటికీ బాధే. మీ ఫారంలో గడి ఉంది. వేసెయ్యండమ్మా.

తణుకు_టెక్సాస్

వదినగారూ, కేటీ గారూ, బాబాయిగారూ, ముగ్గురికీ చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం పూర్తి చేసి పంపాను. నాలాగా మొదటిసారి చేసేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

క్రాసింగ్ గార్డులు నిరుడు ఎందుకు రాలేదో దొరికింది. మా సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టు తీసేటప్పుడు రెగ్యులర్, ఓవర్‌టైమ్, లీవ్ అని మూడు పే కోడ్‌లకే ఫిల్టరు పెట్టి ఉంది. గార్డులకి, కౌన్సిల్‌కి వేరే కోడ్‌లు. ఫిల్టరు తీసేసి, పే పీరియడ్ ముగిసిన తేదీ మార్చి 14 అని ఇచ్చి మళ్లీ తీస్తే అందరూ వచ్చారు. కాబట్టి మీ రిపోర్టులో మొత్తం గ్రాస్, ఆ పేరోల్ రిజిస్టరులో ఉన్న గ్రాస్‌తో పైసాతో సహా కలుస్తోందో లేదో ముందు చూసుకోండి. కలవకపోతే ఎవరో తప్పిపోయారని అర్థం.

ఫుల్‌టైమ్ 131 అనుకున్నాను. జీతం లేని సెలవులో ఉన్న ఆఫీసర్‌ని తీసేస్తే 130. పార్ట్‌టైమ్ నా దగ్గర 17 మంది, 571 గంటలు ఉండేవి. గార్డులు ముగ్గురికి తలా 10 గంటల చొప్పున 30, మార్చి 4న జరిగిన కౌన్సిల్ మీటింగ్ మూడు గంటలు కాబట్టి ఏడుగురికి 21. మొత్తం 27 మంది, 622 గంటలు. 80తో భాగిస్తే 7.8కి కాస్త తక్కువ. అంటే మా ఊరు దాదాపు 138 మంది ఫుల్‌టైమ్ మనుషుల పనితో నడుస్తోంది. ఎనిమిది నెలలుగా వీళ్లందరి జీతాలు నేనే వేస్తున్నా ఈ సంఖ్య నాకు తెలియదు.

గార్డుల్ని పోలీసుల్లో, అరెస్టు అధికారం లేని వరసలో వేశాను, ఎందుకంటే వాళ్ల జీతం ఆ డిపార్ట్‌మెంట్ బడ్జెట్ నుంచే వస్తుంది. జీతాలు వేటినీ గుణించలేదు. రిమార్కుల్లో నిరుటి అంకె ఎందుకు తప్పో రాశాను. పంపేముందు మా డైరెక్టర్‌కి చూపించాను. ఆయన నిరుటి కాపీ, ఈ ఏటి కాపీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. బడ్జెట్ మీటింగ్‌లో పక్క సిటీలతో పోల్చడానికి సెన్సస్ సైటులోని అంకెలే తీసుకున్నామని, మా వాటర్ డిపార్ట్‌మెంట్ జీతాలు ఎక్కువని ఒక కౌన్సిల్ మెంబరు అన్నప్పుడు తన దగ్గర జవాబు లేకపోయిందని చెప్పారు. వచ్చే ఏడు కూడా నన్నే చెయ్యమన్నారు.

ఫోల్డర్‌లో ఒక కాగితం పెట్టాను, నేను లేకపోయినా తర్వాతివాళ్లకి పనికొస్తుందని. ఫిల్టరు తియ్యాలని, గుణించకూడదని, కౌన్సిల్‌ని మర్చిపోవద్దని రాశాను. 2026లో మార్చి 12 గురువారం, మా పే పీరియడ్ ఫిబ్రవరి 28 నుంచి మార్చి 13 దాకా. అది కూడా రాసి, కింద గార్డులు ముగ్గురి ఎంప్లాయీ నంబర్లు వేశాను.